కుర్చీ దిగిన కోడలు

విజయనగరంలో ఇప్పుడు కడుపుతో ఉన్న ఆడవాళ్లు నడవడమే లేదు. నెల తప్పిందని తెలియగానే అత్తవారు తోడుకుర్చీ అనే మరకుర్చీ కొంటారు. అది పిలవకుండానే వెంట తిరుగుతూ, లేచి నిలబడితే చాలు, మళ్లీ కూర్చోబెట్టేస్తుంది.

ఏడో నెల వచ్చేసరికి హైమావతికి నడుము పట్టేసింది, కాళ్లకు నీరు దిగింది. రోజూ కాసేపు నడవమంది డాక్టరు. అత్తగారు పైడమ్మ ఒప్పుకోలేదు.

"కోడలికి కుర్చీ కూడా కొననేదని వీధిలో అనరేటి?"

"వీధి సంగతి సరే. మీ భయమేమిటత్తయ్యా?"

చిక్కుళ్లు వలుస్తున్న పైడమ్మ చెయ్యి ఆగింది. "నా తొలిచూలు బిడ్డ దక్కనేదమ్మా. నొప్పులొచ్చేదాకా ఇటుకలు మోసినాను. కూకోమన్నోళ్లు ఒక్కరూ నేరు. నిన్నయినా కూకోబెడదామని..."

ఇన్ని నెలల తర్వాత కాళ్లు నిలుస్తాయో లేదోనని హైమావతికీ భయంగానే ఉంది.

"బరువులు మొయ్యనత్తయ్యా. మీ చెయ్యి పట్టుకుని నడుస్తానంతే."

పైడమ్మ మళ్లీ చిక్కుళ్లు వలవసాగింది. సాయంత్రం తనే కుర్చీని ఆపేసి చెయ్యి అందించింది. మొదట హైమావతి వీధిలో అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. నాలుగిళ్లు దాటేసరికి ఊపిరి హాయిగా ఆడింది.

ఎదురింటి అరుగు మీద నుంచి ముసలమ్మ కేకేసింది. "ఏటే పైడమ్మా, కుర్చీ పాడైపోనాదేటి?"

"కుర్చీ బాగానే ఉంది," అంది పైడమ్మ, కోడలి చెయ్యి వదలకుండా. "మా కోడలి కాళ్లూ బాగానే ఉన్నాయి."

ముసలమ్మ పక్కనే తోడుకుర్చీలో కూర్చున్న ఆమె కోడలు అది విని, చెప్పుల కోసం మెల్లగా కాళ్లు కిందికి దించింది.