పెడల్ మీద గుంట

చొక్కాలు కుట్టే షెడ్డు నుంచి అందరూ ఇళ్ళకు బయల్దేరే వేళకు కొత్త కుట్టుమిషను వచ్చింది. మాస్టారు ఆమె కళ్ళముందే అట్టపెట్టె విప్పి బిగించాడు.

"రిటైరయ్యేదాకా ఇది నీదేనమ్మా. దీని మీద ఈగ వాలనివ్వకు," అని వెళ్ళిపోయాడు.

ఆమె పనిలో చేరి వారం కూడా కాలేదు. నవ్వుదామనుకుంది గానీ నవ్వు రాలేదు.

చీకటి పడింది. షెడ్డులో ఆమె ఒక్కతే మిగిలింది. చివరి చొక్కాకి కాలరు కుట్టాలి. చెప్పులు అందరిలాగే గుమ్మం దగ్గర విడిచింది కాబట్టి, వట్టి పాదాన్ని పెడల్ మీద ఆనించింది. చల్లటి ఇనుములో పాదం సరిగ్గా కూర్చుంది.

ఉలిక్కిపడి వంగి చూసింది. ఏళ్ళ తరబడి తొక్కితే అరిగినట్టు అక్కడ ఒక గుంట. మడమ, బొటనవేలు, పక్కకి ఒరిగిన చిటికెనవేలు. ఆమె చిటికెనవేలు పుట్టుకతోనే అలా ఒరిగి ఉంటుంది.

కాలరు సగంలో వదిలేసి, చెప్పులు చేత్తో పట్టుకునే ఇంటికొచ్చి పడింది.

సంగతి వినగానే అక్క కొట్టిపారేసింది. "కొత్త కదే, అలాగే ఉంటుంది. పోనుపోను అదే అలవాటైపోతుంది. పడుకో," అంటూ లైటు తీసేసింది.

ఇద్దరిదీ ఒకటే మంచం. ఆమె అటూ ఇటూ దొర్లింది. రిటైరవడానికి ఇంకా ఎన్నేళ్ళో లెక్కపెట్టబోయి, భయమేసి మానేసింది.

కాసేపటికి అక్క విసుక్కుంది. "ఆ కాలు ఆడించడం ఆపవే తల్లీ! టకటకా ఒకటే గోల."

"నేను ఆడించట్లేదక్కా."

మోకాళ్ళు ముడుచుకుని, రెండు పాదాలనూ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉందామె.

చప్పుడు ఒక్క క్షణం నెమ్మదించింది, కాలరు మూల తిప్పేటప్పుడు మిషను నెమ్మదించినట్టు. మళ్ళీ అందుకుంది.