గోడలు తోమే పెద్దాయన

ఆ రోజు కూడా ఆయన ఆమెకన్నా ముందే వచ్చాడు.

కొత్త స్విమ్మింగ్ పూల్ గట్టున నిలబడి, పొడుగు కర్ర బ్రష్‌తో నీళ్ళ లోపలి గోడలు తోముతున్నాడు. అరవై దాటిన మనిషి.

"చూశారా మేడం? పెద్దాయన చెయ్యి పడితే నీళ్ళు అద్దమే!" అన్నాడు మేనేజర్.

ఆమెకు ఒళ్ళు మండింది.

నీళ్ళ బాధ్యత ఆమెది. కెమిస్ట్రీ చదివింది ఆమె. రెండు పూటలా శాంపిల్ తీసి, మందులు గ్రాముల్లో కొలిచి కలిపేది ఆమె. నెల తిరిగేసరికి నీళ్ళు ఈతకు సిద్ధమైతే ఉద్యోగం పర్మనెంట్ చేస్తామన్నారు. పేరు మాత్రం బ్రష్ కొట్టేసింది.

"మిమ్మల్ని ఎవరు పంపారు?" మేనేజర్ వెళ్ళగానే పెద్దాయన్ని నిలదీసింది.

"ఎవరో పంపాలా తల్లీ? నేనే వచ్చా."

"ఇక్కడ మీకేం పని?"

"కొత్త గోడ కదా. నెల దాకా పసిబిడ్డే. రోజూ ఒళ్ళు రుద్దాలి."

"నీళ్ళు బాగున్నది నా లెక్క వల్ల. మీ రుద్దుడు వల్ల కాదు."

"కాదన్నానా? నీ లెక్క నీళ్ళకి, నాది గోడకి," నవ్వాడు.

ఆ నవ్వుతో ఆమెకు పుండు మీద కారం చల్లినట్టయింది. తన సీటు కోసమే ఎవరో ఈయన్ని దింపారనుకుంది.

సాయంత్రం వాచ్‌మన్‌ను పిలిచింది. "రేపటి నుంచి ఆయన్ని లోపలికి రానివ్వకు."

"అదేంటి మేడం, మీ మనిషే అనుకున్నానే!"

"నా మనిషేం కాదు. నీళ్ళకేమన్నా అయితే పూచీ నీదా?"

మర్నాడు ఆయన గేటు దగ్గర అరగంట నిలబడ్డాడట. "గోడల సంగతి మర్చిపోవద్దని చెప్పు," అని వెళ్ళిపోయాడట.

మూడు రోజులు ఆమెకు మహా హాయిగా గడిచాయి.

నాలుగో రోజు నీళ్ళు పాలు కలిపినట్టున్నాయి. అడుగున తెల్లటి పొడి. పీహెచ్ పొద్దున దించితే సాయంత్రానికి మళ్ళీ ఎక్కి కూర్చుంటోంది. వారం తిరిగేసరికి మేనేజర్ ప్రారంభోత్సవం వాయిదా వేశాడు. దాంతోపాటే ఆమె పర్మనెంట్ కాగితమూ ఆగింది.

పూల్ కట్టిన కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసి విరుచుకుపడింది.

"మీ ప్లాస్టరింగ్ సున్నం కక్కుతోందండీ!"

"కొత్తది కక్కుతుంది మేడం. మొదటి నెల రోజూ తోమితే ఆ పొడి ఫిల్టర్‌లోకి పోతుంది. తోమించట్లేదా?"

ఆమె గొంతు తగ్గింది. "ఒక పెద్దాయన తోమేవారు. మీరు పంపినాయనేనా?"



"కుడి భుజం కాస్త వంగి ఉంటుందా?"

"ఆ, ఆయనే. ఈ రోజే మళ్ళీ పంపండి, ప్లీజ్."

"ఎక్కణ్ణుంచి పంపను? నిన్ననే రైలెక్కించాం. ఇక పని చెయ్యలేనని కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు."

"ఇంతకీ ఎవరండీ ఆయన?"

"ఆ గోడలు పూసిన మేస్త్రీ మేడం, ఆయన చేతిలో ఆఖరి పని అదే, మీరు నీళ్ళు నింపిన రోజే అయిపోయింది, ఆ తర్వాత మేం ఆయన్ని ఎక్కడికీ పంపలేదు."