గేటు మీద అంకె

ఆ రోజుల్లో రచయిత ఉన్న ప్రతి ఇంటి గేటుకీ ఒక పలక వెలుగుతుండేది. నెట్‌లోని పుస్తకాల దుకాణంలో అతని పుస్తకం ఎన్నో స్థానంలో ఉందో గంటగంటకూ చూపించేది. పాలు తెచ్చే డ్రోను కూడా పదివేల లోపు ర్యాంకైతే ఆగి నమస్కారం పెట్టేది, లేకపోతే ప్యాకెట్ విసిరేసి పోయేది.

కాకినాడలో ఉండే ఫణిభూషణం ర్యాంకు నాలుగు లక్షలు. అతను తలొంచుకుని గేటు దాటేవాడు. కానీ వాళ్ళింట్లోనే ఉండే అత్తగారు సుభద్రమ్మ, ఆ అంకె అమ్ముడైన పుస్తకాల లెక్కనుకుని వీధంతా గొప్పలు చెప్పుకునేది.

ఓ శుక్రవారం ఎవరో ఒక ప్రతి కొన్నారు. అంకె మూడు లక్షలకి దిగింది. సుభద్రమ్మకి గుండె జారిపోయింది.

“అల్లుడుగారి పరువు పోతోందమ్మా, తలా ఒకటి కొనండి,” అని భజన మండలి ఆడవాళ్ళని బతిమాలింది. వాళ్ళు కొన్నారు. అంకె ఎనభై వేలకి పడిపోయింది. ఆవిడ హడలిపోయి పక్క వీధి మండలి మీద పడింది. అంకె తొమ్మిది వందలైంది. ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు.

పది రోజులకి, డ్రోను వంగి వంగి నమస్కారాలు పెడుతుంటే, ఫణిభూషణం ఉబ్బితబ్బిబ్బవుతూ గేటు దగ్గరికొచ్చాడు. అక్కడ అత్తగారు కళ్ళొత్తుకుంటోంది.

“నా చేతనైనంతా చేశాను బాబూ. ఇంక రెండే మిగిలాయి.”

అప్పుడర్థమైంది అతనికి. నిజం చెబుదామని నోరు తెరిచాడు. పలక వంక ఓసారి చూసి మూసేశాడు.

“అవునండి అత్తయ్యగారూ, మునిగిపోయేలాగే ఉన్నాను,” అన్నాడు దిగులుగా. “రామారావుపేటలో మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?”