మూడో మెట్టు

“ముక్కలు తీసెయ్యండ్రా. టీచరమ్మ వత్తంది,” అన్నాడు ముసలయ్య.

చక్రాల కుర్చీలోంచి చేతుల బలంతో ఒంటిని లేపి మంచం మీదికి జరిగాడు. చచ్చుబడిన కాళ్ళను ఒక్కొక్కటిగా ఎత్తి పెట్టుకున్నాడు. మూడేళ్ళ కిందట కార్ఖానాలో పరంజా మీంచి పడి వెన్ను విరిగిన దగ్గర్నుంచి ఆ పని అతనికి అలవాటే.

అసిరయ్య పేకముక్కలు దగ్గరికి తీస్తూ నవ్వాడు. “అరే భాయ్, ఇప్పుడే కదా మా ముగ్గుర్నీ ఓడించినావు. అంతలోనే రోగివైపోనావేటి?”

“ఆ కుర్చీ వంటింట్లో పెట్టి, పెరటి దోవన ఎల్లిపోండి.”

“ఏటైనా ఇత్తారేటి వాళ్ళు?”

“ఏటీ ఇవ్వరు. ఎలాగున్నావని అడుగుతారు. నిన్నెవరైనా అడిగినారేటి ఎప్పుడైనా?”

అసిరయ్య కుర్చీ తోసుకుపోయాడు.

గుమ్మంలో నిలబడిన చిలకమ్మ మొగుడి వేషమంతా చూసింది. “ఈసారైనా నిజం సెప్పు. మొన్న కుర్చీ తోలుకుని ఆసుపత్రి దాకా ఒక్కడివే ఎళ్ళొచ్చినావు. ఏడో మెట్టు దాటితే పేరు తీసేత్తామని ఆవిడే సెప్పింది కదా. తీసేత్తే నీకేటి నష్టం?”

“ఆవిడ మరి రాదు కదే,” అన్నాడు ముసలయ్య, దుప్పటి మీదికి లాక్కుంటూ.

ఆనందకుమారి చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. ఆమె తెలుగు బడిలో పంతులమ్మ. వెన్ను దెబ్బతిన్నవాళ్ళు ఇళ్ళకు చేరాక ఎలా బతుకుతున్నారో కొలిచి చూడాలని ఆసుపత్రి డాక్టర్లు అనుకున్నప్పుడు, తెలుగువాళ్ళను అడిగే పని ఆమెకు అప్పగించారు. అప్పటికి ఆమె ఒక్కగానొక్క కొడుకు శాంతకుమార్ కూడా ఆ వార్డులోనే ఉన్నాడు, ముసలయ్య పక్క మంచం మీద. అతను ఇల్లు చేరలేదు.

మొదట్లో ఆరునెలలకోసారి ఆసుపత్రి జీపులో వచ్చేది. ఇప్పుడు నెలనెలా వస్తోంది, తనుండే సాక్చి నుంచి వీళ్ళ భాలుబాసా బస్తీకి నడిచి.

సంచిలోంచి అంచులు నలిగిన అట్ట తీసింది. దాని మీద పది మెట్ల నిచ్చెన బొమ్మ. పైమెట్టు అన్నిటికన్నా మంచి బతుకు, కిందిమెట్టు అన్నిటికన్నా చెడ్డది. “పైనించి పడ్డోణ్ణి మళ్ళీ ఎక్కమంటారేటమ్మా?” అన్నాడు ముసలయ్య మొదటిసారి చూసినప్పుడు. ఆ రోజు ఆమె నవ్వింది.

“నిద్ర పడుతోందా?”

“అంతంతమాత్రం.”

“నొప్పి?”

“ఉంటాది.”

“ఇరుగుపొరుగు వచ్చి పలకరిస్తున్నారా?”

వంటింట్లో గిన్నె గట్టిగా పెట్టిన చప్పుడైంది.

“ఎవరి డ్యూటీలు వాళ్ళవి, టీచరమ్మా.”

“ఒంటరిగా అనిపిస్తుందా?”

“సాయంత్రాలు అనిపిత్తాది. మరి మీకో అమ్మా?”

ఆమె అట్ట అంచు వేళ్ళతో సరిచేసింది. “అది ఇందులో లేదు.”

చిలకమ్మ టీ తెచ్చి ఇచ్చింది. ఆనందకుమారి గ్లాసు రెండు చేతులా పట్టుకుంది.

“వార్డులో ఈ అట్ట చూపించి ఎప్పుడడిగినా మావాడు ఏడు అనేవాడు,” అంది.

“నవ్వతానే అనీవోడమ్మా. నా రొట్టె కూడా ఆడే తినీసీవోడు. అదీ జామున్న వైపే.”

“ఇంట్లోనూ అంతే,” అంది. టీ చల్లారేదాకా తాగలేదు. తరువాత అట్ట అతని ముందుకు జరిపింది. “ఈ నెల ఏ మెట్టు?”

చిలకమ్మ కదలకుండా మొగుడి వంకే చూస్తోంది. ముసలయ్య వేలు అట్ట మీద పైకి పాకి ఎనిమిదో మెట్టు దగ్గర ఆగింది. ఆనందకుమారి చేతిలో పెన్సిలు కూడా ఆగిపోయింది. వేలు మెల్లగా కిందికి దిగింది.

“మూడు.”

“మూడా.” ఆమె బిగబట్టిన ఊపిరి వదిలింది. “అయితే వచ్చే నెల మళ్ళీ రావాలి.”

“రండమ్మా. భోజనం ఏళకి వచ్చీండి.”

కార్ఖానా సైరను మోగేదాకా ఆమె అలాగే కూర్చుని, అప్పుడు లేచింది.

చిలకమ్మ కుర్చీని వంటింట్లోంచి విసురుగా తోసుకొచ్చింది. “ఎనిమిది అనుంటే ఆ మనిషికి ఈ తిరుగుడైనా తప్పీది. నీ ముచ్చట కోసం ఎండనపడి నడిపిత్తన్నావు. నీకు జాలి లేదేటి?”

ముసలయ్య కిటికీ చువ్వలు పట్టుకుని, తెల్లచీర వీధి మలుపు తిరిగేదాకా చూశాడు.

“ఆసుపత్రోళ్ళు ఆ లెక్కలు కిందటేడే ఆపీసినారే,” అన్నాడు.