వేలికి మెత్తగా, చెవికి నిండుగా

“తలుపు వేసి వాయించండి” అంది ఆమె.

కమాను పట్టుకున్న రిపేరాయన చెయ్యి గాలిలోనే ఆగింది. మనిషెత్తు వయొలిన్‌లాంటి డబుల్ బేస్‌లకు తీగలు మార్చడంలోనూ, విరిగిన మెడలు అతికించడంలోనూ ఆయన జుట్టు సగం నెరిసింది. తీగలు కొనడానికి వచ్చినవాళ్లు వాద్యం ముందు కుర్చీ లాక్కుని కూర్చుంటారు. కొందరైతే చెక్కకు చెవి ఆనిస్తారు. తలుపు వేసుకోమన్నవాళ్లను ఇదే చూడటం.

“మరి మీరెక్కడుంటారమ్మా?”

“ఇవతల. వినిపిస్తుంది లెండి.”

ఆమెది కుట్టుపని. చూపుడువేలి కొసంతా సూది గుచ్చిన గుర్తులే. కొలత టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది, పని మధ్యలో లేచి వచ్చినట్టు.

రిపేరాయన పనిగది తలుపు వేసి, ఉక్కు తీగలు బిగించిన బేస్ అందుకున్నాడు. కింది తీగ నుంచి పైదాకా ఒకసారి వాయించి తలుపు తీశాడు.

“ఇప్పుడున్నవి ఇలాగే ఖంగుమంటాయి” అంది ఆమె. “వీటిని నొక్కాలంటే బలం కావాలేమో కదండీ?”

“కావాలి. బిగువెక్కువ. ఇప్పుడున్నవి ఉక్కువేనా?”

“చూళ్లేదండీ. వింటే ఇలాగే ఉంటాయి.”

“బేస్ సైజెంత?”

“అదీ తెలీదు.”

“సరే, ఎక్కువమంది దగ్గర ముప్పాతిక సైజే ఉంటుంది. అదే చూద్దాం.”

ఆయన మళ్లీ తలుపు వేసేసరికి, లోపల కమానుకు కొత్త గుర్రపు వెంట్రుకలు కడుతున్న భార్య నవ్వాపుకోలేకపోయింది.

“బీరువా అంత వస్తువును ఇంట్లో నిలబెట్టుకుని సైజు తెలీదట!”

“నా చొక్కా సైజు నీకు తెలుసా?”

“మీ సైజు నెలకో తీరు. నేనేం చేసేది? అది సరే, మొగుడి వాయింపు తలుపు అవతల్నుంచి వినడమేంటండీ?”

“వంటింట్లోంచి వినడం అలవాటేమో. నువ్వు ఊరుకో, వినిపిస్తుంది.”

రెండోసారి గొర్రె పేగుతో పేనిన తీగలు. తలుపు తీయగానే ఆమె పెదవి విరిచింది.

“గొంతు మెత్తగానే ఉంది. కానీ మాట నానిపోతోంది, ఒకదాన్నొకటి అంటుకుని.”

“సరిగ్గా చెప్పారు. పైగా లావు. అసలు చిక్కెక్కడొచ్చిందో చెప్పండమ్మా, దాన్నిబట్టి చూద్దాం.”

ఆమె టేపు కొసను వేలికి చుట్టుకుంది.

“ఈమధ్య పైస్వరాల దగ్గరికొచ్చేసరికి వేలు సరిగా ఆనడం లేదు. గరగరమంటోంది. మళ్లీ మొదట్నుంచి ఎత్తుకుంటారు. మళ్లీ అక్కడే. మొన్న సగంలో ఆపేశారు. నిన్న అసలు మొదలే పెట్టలేదు.”

“వేళ్ల నొప్పి అయ్యుంటుంది. అడక్కపోయారా?”

“అడగలేదండీ.”

“పోనీ ఒకసారి తీసుకురండి. తన చేత్తో నొక్కి చూసుకుంటే నాకూ తేలిక.”

“పిలిస్తే వస్తారో రారో.”

“ఇలా నొప్పితోనే లాక్కొస్తే చివరికి విసిగి అమ్మేస్తారమ్మా. చాలామందిని చూశాను.”

“అందుకే వచ్చాను” అంది ఆమె.

రిపేరాయన మూల ఉన్న మూడో బేస్ ముందుకు లాగాడు. దాని తీగల లోపల లోహం లేదు. నూలులాంటి పోగులు, పైన సన్నటి చుట్టు. బిగువు తక్కువ, వేలు చిన్నగా వాలితే చాలు. తలుపు వేసి, పైస్వరాల నుంచి మొదలుపెట్టి మెల్లగా కింది తీగకు దిగాడు.

వాయించడం అయింది. 

తలుపు తీశాడు. ఆమె గోడకు చెయ్యి ఆనించి, తల పైకెత్తి పైకప్పు కేసి చూస్తోంది.

“ఇంకొక్కసారి... ఆ కింది తీగ ఒక్కటే వాయించండి.”

ఈసారి తలుపు వేయడం ఆయనకు గుర్తు రాలేదు. ఆమే వచ్చి వేసింది.

వాయించాక చాలాసేపటికి తీసింది. “ఇవే ఇవ్వండి. మా అమ్మకి ఇలాగే వినిపించి ఉంటుంది.”

“అమ్మగారికి సంగీతం ఇష్టమా?”

“సంగీతమని కాదు. మంచంలో ఉన్నప్పుడు మందులకు రాని నిద్ర దీనికి వచ్చేది. సాయంత్రం ఇది మొదలవగానే నేను మిషను ఆపేసేదాన్ని. ‘నీ టకటక ఆపవే, విననీ’ అనేది.”

“ఇప్పుడెలా ఉన్నారు?”

“పోయిందండీ.”

రిపేరాయన తీగల మీద కమాను రాల్చిన గుగ్గిలం పొడి తుడవసాగాడు. ఆయన భార్య లేచి వచ్చి, గల్లాపెట్టె పక్కనున్న కుర్చీ ఆమెకేసి జరిపింది. వెనక్కి వస్తూ భర్త చెవిలో అంది: “అత్తగారి కోసం రోజూ వాయించాడంటే మంచి మనిషే. ధర కాస్త చూసి చెప్పండి.”

ఆయన చూసే చెప్పాడు. ఆమె బేరమాడలేదు.

“వీటిని మీరు బిగించలేరమ్మా. ఒకటి తీసి ఒకటి ఎక్కించాలి. నాలుగూ ఒకేసారి వదిలేస్తే లోపల నిలబెట్టిన కర్ర పడిపోతుంది. రేపు నేనే వస్తాను. తీగల్ని ఎత్తిపట్టే బ్రిడ్జి కూడా కాస్త దించితే వేలికి ఇంకా సుఖం.”

ఆమె ముఖం విప్పారింది. “మీరే వస్తారా? ఇవి ఎలా ఇవ్వాలా అని దారంతా ఆలోచిస్తూ వచ్చాను.”

“అంతేగా మరి. ఇల్లు చెప్పండి.”

“మలుపులో కుట్టుమిషను బోర్డున్న మేడ. మెట్లెక్కి పైకి వెళ్లాలి.”

రిపేరాయన పొట్లం మీద రాసుకున్నాడు. “తలుపు తట్టి ఎవరికని చెప్పను? వారి పేరు?”

ఆమె మెడలోని టేపును అప్పుడే గమనించినట్టు తీసి, నెమ్మదిగా చుట్టింది.

“పేరు తెలీదండీ, నేను కింది వాటాలో ఉంటాను.”