కాఫీ తాగండి కెప్టెన్

హాజీ మిస్బాహ్‌కి మతి చలించిందని ఊరంతా ఒప్పేసుకుంది.

లేకపోతే ఎవరైనా రోజూ పొద్దున్నే చెక్‌పోస్టు దాకా నడిచి వెళ్ళి, తుపాకులు పట్టుకున్న ఇజ్రాయెల్ సైనికుల ముందు నిలబడి అరుస్తారా?

"నా మేడ మీదకి మీరు మాత్రం రావద్దు! అక్కణ్ణుంచి అటు నబ్లూస్ రోడ్డూ ఇటు లోయ రోడ్డూ అరచేతిలో ఉన్నట్టు కనబడతాయి. అయినా సరే, ఒక్కడు కూడా ఎక్కడానికి వీల్లేదు!"

సైనికులు మొదటి వారం నవ్వారు. రెండో వారం తల తిప్పి ఆ మేడ వైపు చూశారు. మూడో వారం బైనాక్యులర్లు తీశారు.

"ఆ మేడ గొప్పలేవో పోయి నీ మేకలకి చెప్పుకోరాదా హాజీ?" అన్నాడు మంగలి లుత్ఫీ.

"మేకల దగ్గర తుపాకులు లేవు కదరా" అన్నాడు హాజీ.

లుత్ఫీ కత్తెర పక్కన పెట్టి మా అందరి వైపూ చూసి, కణత దగ్గర వేలు తిప్పాడు.

ముప్పై ఏళ్ళపాటు రాయి మీద రాయి పేర్చి కట్టుకున్న ఇల్లు అది. హాజీకి అంతకు మించి ఏమీ లేదు. గోడకి చెయ్యి ఆనించి దాంతో కబుర్లు చెప్పడం చాలామంది చూశారు. అలాంటి ఇంటి మీదకి సైన్యాన్ని చేతులారా పిలుచుకుంటున్నాడేమిటని మాకు కడుపు మండింది. పక్క ఊళ్ళో ఓ మేడ ఎక్కినవాళ్ళు ఏడాదిన్నర దాకా దిగలేదు. నీళ్ళ ట్యాంకుని ఏం చేశారో ఆ ఇంటావిడ ఇప్పటికీ నోరు విప్పదు.

బుధవారం మధ్యాహ్నం కెప్టెన్ ఎలాద్ జీపు దిగాడు. వెనక నలుగురు సైనికులు.

ఈ కెప్టెన్ మా ఆచారాల మీద ఆరునెలల కోర్సు చేశాడు. పరీక్షలో మొదటివాడిగా వచ్చాడట. ఆ సంగతి ఎదురైన ప్రతివాడికీ చెబుతాడు. అరబిక్ కూడా నేర్చుకున్నాడు గానీ, అది మేం మాట్లాడేది కాదు. మా తాతల తాతలు రాసుకున్నది.

"పెద్దాయనా, తమ గృహమునకు శుభమగు గాక" అన్నాడు గుమ్మంలో.

"వచ్చిందమ్మా శుభలేఖ" అని గొణిగింది హాజీ భార్య వజీహా.

ఇంటికొచ్చినవాడు ఎవడైనా సరే కాఫీ ఇవ్వకుండా ఉండలేం. అది మా రోగం. వజీహా ఏలకులు వేసి కాచి తెచ్చింది. కెప్టెన్ కప్పు అందుకున్నాడు. తాగకుండా తన ముందు పెట్టుకుని చేతులు కట్టుకున్నాడు.

గుమ్మం దగ్గర మూగిన మేమంతా ఉలిక్కిపడ్డాం. మాలో పిల్లనడగడానికి వచ్చిన పెద్దమనిషి అలా చేస్తాడు. అడిగింది ఇస్తామనే దాకా కప్పు ముట్టడు. "కాఫీ తాగండి" అని పిల్ల తండ్రి అన్నాడంటే ఇచ్చేసినట్టే. ఆ తర్వాత ఇక మాట తిరగదు.

"మన ముగ్గురు ఆడపిల్లలకీ పెళ్ళిళ్ళయిపోయాయి. వీడికి నన్ను గానీ ఇచ్చేస్తావా ఏమిటి?" అని వజీహా మొగుడి చెవిలో అంది, కాస్త గట్టిగానే.

"ఈ కాఫీ సేవించుటకు ముందు నాకొక కోరిక గలదు" అన్నాడు కెప్టెన్. "కావలి నిమిత్తము తమ మేడ కావలెను."

హాజీ తిడతాడనుకున్నాం. కనీసం ఏడుస్తాడనుకున్నాం. ఆయన గడ్డం దువ్వుకున్నాడు.

"పిల్లనిచ్చేవాడికి షరతులుంటాయి బాబూ. కోర్సులో చెప్పలేదా?"

"చెప్పిరి!" కెప్టెన్ మొహం వెలిగిపోయింది. "సెలవీయుడు."

"మేమిద్దరం, మా మేకలు కిందే ఉంటాం. మీరు పైన ఉండండి. రెండోది, నీ సంతకం లేకుండా ఈ ఇంటి రాయి ఒక్కటి కూడా ఎవరూ కదపకూడదు. మావాళ్ళయినా సరే, మీవాళ్ళయినా సరే. మాలో పెళ్ళి కాయితం మీద జరుగుతుంది. రాసివ్వు."

ముసలాడికి ఇంటి మీద మమకారం కాబోలనుకుని కెప్టెన్ నవ్వాడు. కాగితం తీసి రెండు భాషల్లోనూ రాశాడు. ఈ కట్టడం సైనిక అవసరానికి తీసుకోవడమైనదని, తన సంతకం లేనిదే ఎవరూ దీన్ని ముట్టరాదని. కింద ముద్ర కూడా కొట్టాడు.

హాజీ దాన్ని రెండుసార్లు చదివాడు. లేచి వెళ్ళి పిండిడబ్బాలో ఇంకేదో కాగితం పక్కన భద్రంగా పెట్టి వచ్చాడు.

"కాఫీ తాగండి కెప్టెన్" అన్నాడు.

సాయంత్రానికల్లా మేడ మీద ఇసక బస్తాలు లేచాయి. జెండా ఎగిరింది. వజీహా నెత్తిమీద బూట్లు టకటకలాడాయి. హాజీ అన్న రుష్దీ కర్ర పొడుచుకుంటూ వచ్చి, గుమ్మం ముందు ఉమ్మేశాడు.

"ఒక్క కప్పు కాఫీకి ఇల్లు అప్పగించేశావు కదరా సిగ్గులేనోడా!"

హాజీ గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. మాకు జాలి కూడా కలగలేదు.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి, అనుమతి లేకుండా కట్టావంటూ మూడు వారాల కిందట ఇచ్చిన నోటీసు ప్రకారం ఆ ఇంటిని కూల్చడానికి ఇజ్రాయెల్ సర్కారు బుల్డోజరు వస్తే, హాజీ మిస్బాహ్ కాఫీ పళ్ళెంతో ఎదురెళ్ళి, "నాదేముంది నాయనా, పైన అల్లుడుగారున్నారు, ఆయన సంతకం తెచ్చుకో" అన్నాడు.