గోడవార పట్టీ

"పొద్దుననగా ఫోను చేస్తే ఇప్పుడా రావడం! పైన మబ్బు చూశావా? ఎక్కు, ముందు ఎక్కు!"

సంచీ భుజాన వేసుకుని బండి దిగిన జాన్ పాల్‌ని దానమ్మ గుమ్మంలోనే దులిపేసింది.

"అది కాదండీ, నేను..."

"నువ్వేం చెప్పకయ్యా. నిచ్చెన కూడా లేకుండా వచ్చావు, నీకు పనెవరు నేర్పారో గానీ! పక్కింటోళ్లది తెచ్చి వేశాను, ఎక్కు."

దానమ్మ నోరు తెరిచిందంటే ఇబ్రహీంపట్నంలో ఎంతటివాడైనా వినాల్సిందే. అయినా ఇవాళ ఆమె గాభరాలో అర్థముంది. మధ్యాహ్నానికి కూతురు ఏంజెల్ పసిగుడ్డుతో ఆస్పత్రి నుంచి వచ్చేస్తుంది. ఉన్నదా, ఒకటే రేకుల గది. వాన పడితే చాలు, పక్క డాబా గోడకి ఆనుకున్న చోట నీళ్లు ధారకట్టి సరిగ్గా మంచం మీదే పడతాయి.

"అమ్మా, ఒక్క మాట చెప్పనివ్వండి..."

"పొత్తిళ్లలో బిడ్డయ్యా! తడిలో ఎక్కడ పడుకోబెట్టను?" దానమ్మ నిచ్చెన పట్టుకుని నిలబడింది.

జాన్ పాల్ నిచ్చెనెక్కాడు.

గోడకీ రేకులకీ మధ్య నీళ్లు దిగకుండా వేసిన పట్టీ తుప్పుపట్టి లేచిపోయి ఉంది. దాన్ని పీకేశాడు. సంచీలోంచి రేకుముక్క తీసి, సుత్తితో తట్టి తట్టి గోడ వంపుకి సరిపోయేలా మలిచాడు. మేకులు దిగ్గొట్టి, సందుల్లో పేస్టు మెత్తి, గుడ్డతో తుడిచి, పైన నీలం రంగు కూడా కొట్టాడు.

"ఇదేం సోకయ్యా, పెళ్లికొడుకుని చేస్తున్నావా!" అంది దానమ్మ కిందనుంచి.

అతను దిగాడో లేదో వాన దంచి కొట్టింది. దానమ్మ పరుపంతా తడిమి చూసింది. చుక్క లేదు! పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ప్రభువే పంపాడయ్యా నిన్ను!" అంటూ గ్లాసుడు టీ తెచ్చి చేతికిచ్చింది.

అప్పుడే ఫోను మోగింది.

"దానమ్మగారాండీ? రేకులు వేసే అబ్రహాముని. నా నంబరు మీకిచ్చానని మీ తమ్ముడుగారు చెప్పారు. పొద్దున్నుంచీ మీ ఫోను కోసమే చూస్తన్నానండీ."

దానమ్మ తెల్లబోయి జాన్ పాల్ వైపు తిరిగింది. "మరి నువ్వెవరయ్యా?"

"ఆటోనగర్లో గుద్దేసిన కార్లకి సొట్టలు తీస్తానండీ," అన్నాడు జాన్ పాల్ టీ ఊదుకుంటూ. "మీరు నంబరు తప్పు నొక్కి 'కారుతోంది, రండి' అన్నట్టున్నారు. నాకు 'కారు, తొందరగా రండి' అని వినపడిందండీ!"